స్లాక్‌లో పుట్టినరోజు, వర్క్ యానివర్సరీ మెసేజ్‌లు వాటంతటవే పడాలంటే?

తేదీలపట్టిక:
సుమారు 180 మంది ఉన్న స్లాక్ (ఆఫీస్ చాట్ యాప్) వర్క్‌స్పేస్. పేర్లు, పుట్టినరోజులు, చేరిన తేదీలు గూగుల్ షీట్‌లో ఉన్నాయి. రోజూ పొద్దున ఒక చానెల్‌లో శుభాకాంక్షలు పడాలి. డబ్బు కట్టే యాప్ వద్దు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తేడా కొడుతుంది?

క్రాన్‌బాబు:
షీట్‌తో వచ్చే యాప్స్ స్క్రిప్ట్ (షీట్‌కి కోడ్ రాసుకునే చోటు) చాలండి. స్లాక్‌లో కొత్త యాప్ క్రియేట్ చేసి, ఇన్‌కమింగ్ వెబ్‌హుక్స్ (బయటి కోడ్ నుంచి మెసేజ్ తీసుకునే లింకులు) ఆన్ చేసి, చానెల్ ఎంచుకుంటే ఒక యూఆర్‌ఎల్ ఇస్తుంది. ఆ యూఆర్‌ఎల్ ఆ ఒక్క చానెల్‌కే పనిచేస్తుంది. దాన్ని కోడ్‌లో అతికించకుండా స్క్రిప్ట్ ప్రాపర్టీస్‌లో (కోడ్‌కి బయట విలువలు దాచే చోటు) దాచండి. అది ఎవరి చేతికి చిక్కినా మీ చానెల్‌లో ఏదైనా పోస్ట్ చేసేయగలరు.

స్క్రిప్ట్ పని చిన్నదే: వరసలు చదవాలి, ఇవాళ్టి నెల-తేదీతో పోల్చాలి, కలిసినవాళ్లందరినీ ఒకే మెసేజ్‌లో కూర్చి జేసన్‌గా (ప్రోగ్రాములు డేటా పంపుకునే ఫార్మాట్) పోస్ట్ చేయాలి. మనిషికొకటి చొప్పున పంపితే సెకనుకి ఒకటి అనే పరిమితి అడ్డొచ్చి 429 (మరీ ఎక్కువ పంపుతున్నారు అనే) ఎర్రర్ రావచ్చు. స్క్రిప్ట్‌ని దానంతటదే నడిపే ట్రిగ్గర్‌కి ఎంచుకోవాల్సినవి: టైమ్-డ్రివెన్, డే టైమర్, 9 నుంచి 10. ఠంచనుగా 9కే రాదు, ఆ గంటలో ఎప్పుడైనా నడుస్తుంది.

షీటురాణి:
తలనొప్పంతా తేదీ కాలమ్‌లోనే. 03/04 అని ఒకరు మార్చి 4 అనుకుని కొడతారు, ఇంకొకరు ఏప్రిల్ 3 అనుకుని. షీట్ మాత్రం తన లొకేల్ (దేశం సెట్టింగ్) ప్రకారమే అర్థం చేసుకుంటుంది. రోజు 12 దాటితే తప్పు కంటికి కనిపిస్తుంది, మిగతావి ఆ మనిషి అడిగేదాకా బయటపడవు. అందుకే కాలమ్‌ని ముందే ప్లెయిన్ టెక్స్ట్ చేసి, నెల ముందు ఉండేలా 04-03 అని రాయించండి. ఎంటర్ చేశాక ఫార్మాట్ మారిస్తే లాభం లేదు, అప్పటికే తేదీగా మారిపోయి ఉంటుంది. పుట్టిన సంవత్సరం అసలు అడగొద్దు, ఈ పనికి దాంతో అవసరమే లేదు.

చేరిన తేదీకి సంవత్సరం కావాలి. ఈ ఏడాదిలోంచి దాన్ని తీసివేస్తే సున్నా వచ్చినవాళ్లని వదిలేయాలి, లేదంటే చేరిన రోజే “0 ఏళ్లు పూర్తి” అని పడుతుంది!

టైమ్ జోన్ రెండు చోట్ల ఉంటుంది: షీట్ సెట్టింగ్స్‌లో ఒకటి, స్క్రిప్ట్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఒకటి. సెల్‌లోని తేదీ అంటే ఆ రోజు అర్ధరాత్రి 12 గంటలు. రెండు జోన్లూ ఒకటి కాకపోతే అది ముందురోజులోకి జారిపోవచ్చు. ఇంకోటి, స్క్రిప్ట్‌లో రాసే తేదీ ఫార్మాట్‌లో నెలకి క్యాపిటల్ ఎం రెండు పెట్టాలి. స్మాల్ ఎం పెడితే నిమిషాలు వస్తాయి, ఎర్రర్ మాత్రం రాదు.

బాట్‌మామ:
@ పెట్టి పేరు రాస్తే ఉత్త అక్షరాలే పడతాయి, మనిషికి నోటిఫికేషన్ పోదు. < > మధ్యలో @, దాన్ని ఆనుకుని మెంబర్ ఐడీ ఉండాలి. ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కితే కాపీ మెంబర్ ఐడీ కనిపిస్తుంది. 180 మందివి చేత్తో తీయలేరు కాబట్టి ఈమెయిల్‌తో వెతికే స్లాక్ ఏపీఐ మెథడ్ (కోడ్ నుంచి స్లాక్‌ని అడిగే పద్ధతి) వాడండి. దానికి బాట్ టోకెన్ (యాప్‌కి ఇచ్చే రహస్య కీ), ఈమెయిల్ చదివే స్కోప్ (అనుమతి) కావాలి. ఒకసారి తెచ్చి షీట్‌లో రాసేస్తే సరి, పేరు మార్చుకున్నా ఐడీ మారదు. చానెల్ మొత్తానికి మోగే మెన్షన్ మాత్రం పెట్టకండి, వారం తిరక్కుండా అందరూ మ్యూట్ చేస్తారు.

తేదీలపట్టిక:
శని, ఆదివారాలు? ఫిబ్రవరి 29? మానేసినవాళ్ల సంగతి?

షీటురాణి:
సోమవారం రన్ శని, ఆది, సోమ మూడు తేదీలనూ చూడాలి. శుక్రవారమే చెప్పేయొచ్చు గానీ పుట్టినరోజు ముందుగా చెప్పించుకోవడం కొందరికి నచ్చదు. 29వాళ్లని మామూలు ఏడాదిలో 28న చెప్పాలో మార్చి 1న చెప్పాలో వాళ్లనే అడగండి. “చెప్పొచ్చా” అని ఒక కాలమ్ పెట్టి, ఖాళీ అంటే వద్దు అని లెక్కేయండి. చివరి పనిదినం కాలమ్ కూడా తప్పనిసరి. వెళ్లిపోయినవాళ్లకి శుభాకాంక్షలు పడితే చూడ్డానికి బాగోదు.

క్రాన్‌బాబు:
ఒకే రోజు రెండుసార్లు పడకుండా, పోస్ట్‌కి 200 (సరిగ్గా అందింది అనే) జవాబు వచ్చాక ఆ తేదీని ప్రాపర్టీస్‌లో రాయండి. మొదట్లోనే దాన్ని చూసి, ఇవాళ్టిదే అయితే ఆగిపోవాలి. ట్రిగ్గర్ ఎవరు పెడితే వాళ్ల అకౌంట్ మీదే నడుస్తుంది. ఆ అకౌంట్ మూసేస్తే ఇదీ ఆగుతుంది, ఫెయిలైందని వచ్చే మెయిల్ కూడా ఎవరికీ అందదు. ఉమ్మడి అకౌంట్‌తో పెట్టండి. అడ్మిన్ చానెల్‌కి వేరే వెబ్‌హుక్ తీసుకుని “ఇవాళ ఎవరూ లేరు” అని కూడా రోజూ పంపితే, అది రానిరోజు అనుమానించొచ్చు.

టీమ్స్‌వాసి:
స్లాక్ బదులు మైక్రోసాఫ్ట్ టీమ్స్ వాడుతూ ఇది చదివేవాళ్ల కోసం: పవర్ ఆటోమేట్‌లో (మైక్రోసాఫ్ట్ ఆటోమేషన్ టూల్) వరసగా రికరెన్స్ (రోజూ నడిపే టైమర్), ఎక్సెల్ టేబుల్ వరసలు చదివే యాక్షన్, ఫిల్టర్ అర్రే (ఇవాళ్టి వరసలు ఏరడానికి), చానెల్‌లో పోస్ట్ పెట్టుకోవాలి. వరసలు చదివే యాక్షన్ మామూలుగా 256 దగ్గర ఆగిపోతుంది, సెట్టింగ్స్‌లో పేజినేషన్ ఆన్ చేయాలి. తేదీ 45000 లాంటి అంకెగా వస్తే (అది 2023 మార్చి 15) డేట్‌టైమ్ ఫార్మాట్‌ని ఐఎస్‌ఓ 8601కి (ఏడాది-నెల-రోజు వరసలో రాసే పద్ధతి) మార్చండి. ఖాళీ తేదీ ఒక్కటున్నా ఫార్మాట్ చేసే ఎక్స్‌ప్రెషన్ ఫెయిలవుతుంది, వాటిని ముందే ఏరేయండి. టీమ్స్ కనెక్టర్ వెబ్‌హుక్‌లతో చేయమనే పాత ట్యుటోరియల్స్ జోలికి పోకండి. వాటిని ఆపేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2024 జులైలోనే చెప్పింది, ఇప్పుడు వర్క్‌ఫ్లోస్ వాడాలి.

తేదీలపట్టిక:
టెస్ట్ చేయడానికి రోజులకొద్దీ ఆగాలా?

బాట్‌మామ:
అక్కర్లేదు. “ఇవాళ” అనేది ఫంక్షన్‌కి బయటినుంచి ఇచ్చేలా రాయండి. టెస్ట్ చానెల్ వెబ్‌హుక్ పెట్టి ఫిబ్రవరి 28, మార్చి 1, డిసెంబర్ 31, జనవరి 1, ఒక సోమవారం, ఎవరూ లేని ఒక రోజు ఇచ్చి చూడండి. జనవరి మొదట్లో వచ్చే సోమవారం వెనక్కి చూసే తేదీలు పాత ఏడాదివి కావచ్చు, యానివర్సరీ లెక్కలో ఆ ఏడాదే తీసుకోవాలి.