ఫోన్ రిమోట్ మాటిమాటికీ కట్ అవుతోంది: తప్పు రౌటర్‌దా, ఫోన్‌దా?

పానగల్లు రోడ్డు (నల్గొండ):
మా టీవీకి పెట్టిన స్ట్రీమింగ్ స్టిక్ (నెట్‌లో వచ్చేవి టీవీలో చూపించే చిన్న పరికరం) రిమోట్‌ని పిల్లలు నీళ్ల బకెట్‌లో వేశారు. అప్పట్నుంచి ఫోన్‌లో రిమోట్ యాప్‌తోనే నడిపిస్తున్నాం. సీరియల్ మధ్యలో పాజ్ చేద్దామని ఫోన్ తీస్తే "డివైస్ దొరకలేదు" అని వస్తుంది. యాప్ మూసి తెరిస్తే ఒక్కోసారి కలుస్తుంది, ఒక్కోసారి ఏం చేసినా కలవదు. అటు టీవీలో బొమ్మ మాత్రం ఆగదు, అదే విచిత్రం. గడియారం సెంటర్‌లో షాపాయన రౌటర్ పాతదైపోయింది, మార్చేయండి అంటున్నాడు. మా తమ్ముడేమో లొల్లంతా ఫోన్‌దే అంటాడు. డబ్బులు పెట్టేముందు మీ మాట కూడా విందామని.

జడ్చర్ల జంక్షన్:
షాపాయన చెప్పింది కరెక్టే అన్నా. నేను నెట్ కనెక్షన్లు వేసే పనిలోనే ఉన్నా. చాలా ఇళ్లలో రౌటర్‌ని మెట్ల కింద మేకుకు తగిలిస్తారు, టీవీ ఇంకెక్కడో ఉంటుంది. స్టిక్ టీవీ ప్యానెల్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. పాత రౌటర్ అయితే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై సిగ్నల్ నడిచే దారి) ఒక్కటే ఇస్తుంది. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ వాటి మీదే పడతాయి. ఫోన్ గెస్ట్ వైఫైలో (ఇంటికొచ్చినవాళ్ల కోసం విడిగా పెట్టేది) ఉంటే ఇంక చెప్పక్కర్లేదు, ఇంట్లో మిగతా వాటితో దాన్ని రౌటరే మాట్లాడనివ్వదు. డ్యూయల్ బ్యాండ్ది (2.4తో పాటు 5 గిగాహెర్ట్జ్ కూడా ఇచ్చేది) తీసుకో, పరేషాన్ పోతుంది.

దేవరకొండ మాస్టారు:
తొందరపడకండి. ఈ యాప్‌కి కావాల్సింది ఇంటర్నెట్ కాదు, ఫోనూ స్టిక్కూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉండటం. నెట్ కాస్త మందగిస్తే చాలు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఈ వైఫై బాగాలేదనుకుని చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకి దూకేస్తాయి. ఫోన్‌లో వాట్సాప్, యూట్యూబ్ ఆడుతూనే ఉంటాయి కాబట్టి మనకు తెలియదు. రిమోట్ యాప్‌కి మాత్రం స్టిక్ మాయమైపోతుంది.

ఈసారి కట్ అయినప్పుడు వెంటనే యాప్ మూయకండి. ఫోన్ పైభాగంలో వైఫై గుర్తు ఉందో, 4జీ అనో 5జీ అనో ఉందో చూడండి. వీపీఎన్ (ఫోన్ నెట్‌ని వేరే దారిలో మళ్లించే యాప్) ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపి చూడండి. ఆ యాప్‌కి బ్యాటరీ సేవర్ తీసేయండి. ఇంట్లో ఐఫోన్ ఉంటే లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఇచ్చారో లేదో కూడా చూడాలి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి అది విడిగా అడుగుతుంది, మనం చదవకుండా వద్దని నొక్కేస్తాం.

జడ్చర్ల జంక్షన్:
సార్, బొమ్మ ఆగట్లేదు కాబట్టి వైఫై బాగుందనుకుంటున్నట్టున్నారు. వీడియో కొంచెం ముందే డౌన్‌లోడ్ అయి ఉంటుంది. మధ్యలో సిగ్నల్ పోయి వచ్చినా బొమ్మకు ఏమీ కాదు. బటన్ నొక్కుడు అట్లా కాదు, ఆ క్షణంలోనే వెళ్లాలి. కాబట్టి సిగ్నల్ వీక్ ఉంటే ముందు దెబ్బ తినేది రిమోటే.

దేవరకొండ మాస్టారు:
ఆ పాయింటు ఒప్పుకుంటాను. కానీ అలా అయితే బటన్ ఆలస్యంగా పనిచేయాలి, మళ్లీ నొక్కితే కలవాలి. ఈయనకు ఏం చేసినా కలవట్లేదు. ఇంకో మాట, రిమోట్ లేని మనిషికి రౌటర్ మార్చమని సలహా ఇచ్చేటప్పుడు పైలం! కొత్త వైఫై పేరు స్టిక్‌కి తెలియదు. దానికి చెప్పాలంటే రిమోట్ కావాలి. ఫోన్ రిమోట్ పనిచేయాలంటే స్టిక్ ముందే వైఫైలో ఉండాలి. మార్చక తప్పకపోతే కొత్త రౌటర్‌కి పాత పేరూ పాత పాస్‌వర్డే పెట్టండి, చిన్న అక్షరం పెద్ద అక్షరం తేడా లేకుండా.

గద్వాల రాతిగోడ:
మా ఇల్లు పాతది, గోడలు జానెడు పైనే మందం. సిగ్నల్ అందక లోపలి గదిలో రెండో రౌటర్ పెట్టించాం. అసలు తిప్పలు అక్కడ మొదలైంది. అది తన నెట్‌వర్క్ తాను నడుపుకుంటోంది. ఫోన్ ఐపీ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబరు) 192.168.0తో, స్టిక్ ఐపీ 192.168.1తో మొదలవుతున్నాయి. ఒకే ఇంట్లో ఉన్నా అవి రెండు వేరే నెట్‌వర్కులు, యాప్ ఎట్లా వెతికి పట్టుకుంటుంది? రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ నడపకుండా మొదటిదాన్నే పంచే పద్ధతి) మార్చాక కుదిరింది. కాబట్టి ఇది రౌటర్ కొత్తదా పాతదా అన్న గొడవ కాదు. ముందు ఆ రెండు ఐపీలు పక్కపక్కన పెట్టుకుని చూడు అన్నా.

వనపర్తి అక్క:
ఇంత చర్చ ఎందుకో అర్థం కాదు, రిమోట్ కొనుక్కోండి! ఫోన్ పట్టుకుని ఇంటాయన బయటికి వెళ్తే అత్తమ్మ టీవీ ముందు కూర్చుని ఏం చేయాలి? ఆమె ఫోన్‌లో యాప్ వేస్తే మధ్యలో కాల్ వస్తుంది, ఆమె ఆ స్క్రీన్ దాటి వెనక్కి రాలేదు. అప్పటిదాకా టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేయండి. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది. టీవీ రిమోట్ బాణాలతోనే స్టిక్ మెనూలో తిరగొచ్చు.

పానగల్లు రోడ్డు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి కట్ అయినప్పుడు మాస్టారు చెప్పినట్టు పైకి చూశా, వైఫై గుర్తు లేదు, 4జీ ఉంది. వైఫై సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకి దానంతటదే మారే ఆప్షన్ ఆపేశా. హాల్లో ఇప్పుడు బాగానే ఉంది. గద్వాల అన్న చెప్పిన ఐపీలు కూడా చూశా, రెండూ 192.168.1లోనే ఉన్నాయి. సీఈసీ కూడా పనిచేస్తోంది అక్కా, మా అమ్మకు అదే అలవాటు చేస్తున్నా. ఒకటి మాత్రం మిగిలింది. కరెంటు పోయి వచ్చాక యాప్‌లో స్టిక్ పేరు ముందులాగే కనిపిస్తుంది, నొక్కితే కలవదు.

జడ్చర్ల జంక్షన్:
కరెంటు వచ్చాక రౌటర్ స్టిక్‌కి కొత్త ఐపీ ఇచ్చి ఉంటుంది, యాప్ పాత ఐపీనే పట్టుకుని కూర్చుంది. రౌటర్ పేజీలోకి వెళ్లి డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సెట్టింగ్) కింద అడ్రస్ రిజర్వేషన్‌లో స్టిక్‌కి ఒక ఐపీ ఖాయం చెయ్యి. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తున్నావా? అట్లయితే తీసి దాని అడాప్టర్‌కే పెట్టు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది అర ఆంపియరే, స్టిక్‌కి అది చాలదు. రౌటర్ సంగతి నేనింకా వదల్లేదు, బెడ్‌రూంలో ఎట్లా ఉందో రాయి.