సజ్జ జొన్న ‘కూడు’ అనాలా, ‘కూళ్లు’ అనాలా?

చర్లపల్లి ప్లానర్:
రెండు రోజులుగా ఒక్క పాదం నోట్లోనే తిరుగుతోంది. పల్నాటి మీద శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటువు, ‘చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు నాపరాళ్లు’ అని మొదలై ‘పల్లెనాటి సీమ పల్లెటూళ్లు’ అని ముగుస్తుంది. మూడో పాదాన్ని మా నాన్న ‘సజ్జ జొన్న కూడు సర్పంబులును తేళ్లు’ అని చదివేవారు. నిన్న ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన డిప్లొమా పిల్లలకు బిల్ ఆఫ్ మెటీరియల్స్ (బీఓఎం, అంటే ఒక వస్తువు తయారీకి ఏమేం కావాలో మెట్లు మెట్లుగా రాసే జాబితా) చెబుతూ ఈ పద్యమే ఎత్తుకున్నాను. పల్నాడు అనే ఒక్క పేరు కింద రాళ్లు, దేవుళ్లు, నీళ్లు, తిండి, పాములు, తేళ్లు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి కదా, ఒకే మెట్టు బీఓఎం అంటే ఇదేనని చెప్పాను. వెనకనుంచి ఒక అమ్మాయి ‘కూడు కాదు సార్, కూళ్లు’ అంది. ఏది సరైనది? అలాగే బీఓఎంకి మీరు వాడే తెలుగు మాట ఉంటే చెప్పండి.

ఆటవెలది అభిమాని:
గణాలు తీర్పు చెప్పవండీ. సజ్జ, జొన్న, కూళ్లు మూడూ హగణాలే (గురువు, లఘువు), ‘కూడు’ పెట్టినా హగణమే. యతి స-సకి కుదిరింది, అక్కడా గొడవ లేదు. కానీ పద్యాన్ని చెవితో వినండి. రాళ్లు, దేవుళ్లు, నీళ్లు, నాపరాళ్లు, తేళ్లు, ఊళ్లు. ఇన్ని ‘ళ్లు’ల మధ్య ‘కూడు’ ఒక్కటే తాళం తప్పుతుంది. నా ఓటు అమ్మాయికే.

తెనాలి నుంచి:
పొరపాటు ఎక్కడ పుట్టిందో నాకు తెలిసినట్టే ఉంది. పల్నాటి మీదే ఉన్న ‘రసికుడు పోవడు పలనా...’ కందం చివర ‘కుసుమాస్త్రుండైన జొన్న కూడే కుడుచున్’ అని వస్తుంది. ఆ కూడు ఈ పద్యంలోకి జారింది. కొందరు నాలుగో పాదాన్ని ‘పలనాటి సీమ’ అని చదవడానికీ ఆ కందమే కారణం. ఆటవెలదిలో ‘పలనాటి’ గణభంగం, ‘పల్లెనాటి’ అనే ఉండాలి.

ఆటవెలది అభిమాని:
‘పల్లెనాటి’ మాట నేనే రాయబోతున్నాను, మీరు ముందు రాశారు. ఒకటి కలుపుతాను. ఆ ‘ళ్లు’ల ఏకవచనాలు చూడండి: రాయి, దేవుడు, కూడు, తేలు, ఊరు. యి, డు, లు, రు, ఇన్ని రకాల అక్షరాలు బహువచనంలో ఒకే ‘ళ్లు’లో కలిశాయి. నీళ్లకు ఏకవచనం నీరు, అదీ ఈ వరసలోదే. ఈ పద్యం అందం నాకు అక్కడే ఉంది.

నరసరావుపేట నుంచి:
అక్షరం సరే, అర్థం చూడండి. కూడు అంటే వండినది. సజ్జలు, జొన్నలు అనలేదు కవి. మా నాయనమ్మ జొన్నలు తడిపి రోట్లో దంచేది, చేటతో చెరిగి పొట్టు తీసేది, రవ్వ, నూక వేరు చేసి, ఎసట్లో పోసి గెరిటెతో తిప్పుతూ కూర్చునేది. దంచిన గింజంతా కుండలోకి రాదు, పొట్టు పోగా మిగిలిందే కూడు. అంటే ఆ పదం కింద గింజలు, నీళ్లు, ఉప్పు ఉన్నాయి, ఆ గింజలో తరుగూ ఉంది. ప్లానర్ గారూ, మీరు ఒకే మెట్టు అన్నారే, ఆ పాదంలో రెండో మెట్టు దాగి ఉంది.

చర్లపల్లి ప్లానర్:
ఇది నాకు తట్టలేదు. నిజమే, రాయి కింద ఏమీ లేదు, కొని తెచ్చిన బోల్టులాగా. కూడు కింద ఉంది. మేం చేసే సీలింగ్ ఫ్యాన్‌కీ ఇంతే. పైన ఫ్యాన్, దాని కింద మోటారు, బ్లేడ్ల సెట్, రాడ్డు. మోటారు కింద స్టేటర్ (తీగ చుట్టిన, తిరగని భాగం), రోటర్ (తిరిగే భాగం), బేరింగులు. స్టేటర్ కింద స్టాంపింగులు (అచ్చుతో కోసిన ఉక్కు రేకులు), రాగి తీగ. పేరు చూడగానే ‘ఇది కొన్నదా, చేసిందా’ అని అడగడం పిల్లలకు రావాలి.

బాలానగర్ వైండర్:
ప్లానర్ గారూ, ఇంకోటి కలపండి. స్టేటర్ చుట్టాక స్టోరుకి పంపం, నేరుగా అసెంబ్లీ బల్ల మీదికే. జాబితాలో దానికి ఒక మెట్టు ఉంటుంది, ప్లానింగ్ మాత్రం దాన్ని దాటి తీగ, స్టాంపింగుల లెక్కకే పోతుంది. ఫాంటమ్ అంటారు. కూడూ అంతే కదా. వండి గాదెలో పెట్టరు, గాదెలో ఉండేవి జొన్నలే.

తెనాలి నుంచి:
గాదె పోలిక చాలా బాగుంది. ఇక తెలుగు మాట సంగతి. ‘సామగ్రి’ అనండి, ‘సామాగ్రి’ అని మాత్రం రాయకండి. అది సమగ్రం నుంచి వచ్చింది, ఏదీ తక్కువ కాకుండా ఉండటం. సంభారం వేరు, అన్నీ ఒకచోటికి తెచ్చి పెట్టడం. నా ప్రతిపాదన: డిజైన్ వాళ్ల జాబితా సామగ్రి పట్టీ, షాపు ఫ్లోర్ జాబితా సంభార పట్టీ.

బాలానగర్ వైండర్:
అయితే పేర్లు తిరగేయాలండీ. డిజైన్ జాబితా ఎప్పుడూ సమగ్రం కాదు. నేను మునుపు పనిచేసిన చోట డ్రాయింగ్‌తో వచ్చిన ఇంజనీరింగ్ బీఓఎంనే పర్చేజ్‌కి ఇచ్చేశారు. అందులో వార్నిష్ లేదు, అట్టపెట్టె లేదు. తీగ చుట్టి పెట్టిన స్టేటర్లు ట్రేల నిండా ఉన్నాయి, ముంచడానికి వార్నిష్ లేదు. రెండు షిఫ్టులు లైను ఆగింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మరవలేదు. అవన్నీ ఉండేది మాన్యుఫాక్చరింగ్ బీఓఎంలో. సర్వీసు వాళ్లది మళ్లీ వేరు, వాళ్లకు స్టేటర్ తీగతో పనిలేదు, కెపాసిటర్, బ్లేడ్ల సెట్ ఉంటే చాలు.

నరసరావుపేట నుంచి:
మా ఇళ్లలో పెళ్లికి రాసేది సరుకుల చీటీ. ఎన్ని కిలోలో, ఎవరు తేవాలో అన్నీ అందులోనే. సంభారం కంటే చీటీ మాటే లైను మీద మనిషికి అందుతుంది.

చర్లపల్లి ప్లానర్:
‘చీటీ’ నాకు నచ్చింది. రేపు ఆ అమ్మాయికి కూళ్లే సరి అని చెబుతాను, కూడు ఒకే మెట్టు కాదని కూడా. మా నాన్న పాఠాన్ని మాత్రం తప్పు అనలేను, ఆయన గొంతులో అలాగే వినిపిస్తుంది.

ఆటవెలది అభిమాని:
సరే గానీ, ‘చిల్లర దేవుళ్లు’లో చిల్లర అంటే చిన్న అనా, చెల్లాచెదురుగా ఉన్న అనా? ‘చిన్న చిన్న రాళ్లు’ పక్కనే ఉంది కాబట్టి నాకు రెండోదే అనిపిస్తోంది.