అత్యవసర పిత్తాశయ ఆపరేషన్‌కు రోబో కోసం సోమవారం దాకా ఆగవచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్న కూతురు

నమస్కారం. మా అమ్మకు 64 ఏళ్ళు, విజయవాడలో ఉంటుంది, పదేళ్ళుగా షుగరు ఉంది. గురువారం రాత్రి భోజనం తరువాత కుడి డొక్కలో మొదలైన నొప్పి తెల్లవారేసరికి వీపు వైపుకు పాకి, చలిజ్వరం కూడా రావడంతో, శుక్రవారం ఉదయం మా తమ్ముడు ఇంటికి దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాడు. పిత్తాశయంలో రాళ్ళున్నాయని, గోడ బాగా వాచిందని, ఒక రాయి పిత్తాశయం మెడ దగ్గర ఇరుక్కుందని స్కానింగ్‌లో తేలింది. కామెర్లు లేవు, కాలేయం నుంచి పేగుకు పిత్తం తీసుకెళ్ళే ప్రధాన పిత్తనాళం మామూలుగానే ఉంది. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, శనివారం ఉదయమే లాపరోస్కోపీతో, అంటే పొట్ట తెరవకుండా చిన్న రంధ్రాల ద్వారా, పిత్తాశయం తీసేద్దామని అక్కడి సర్జన్ గారు అంటున్నారు.

హైదరాబాద్‌లో ఉన్న మా బాబాయి గారు మాత్రం అమ్మను అక్కడికి తీసుకురమ్మని పట్టుబడుతున్నారు. ఆయనకు తెలిసిన ఆసుపత్రిలో రోబో ఉంది కానీ, సోమవారం వరకు అది ఖాళీగా లేదు. ఇంతగా వాచిన పిత్తాశయాన్ని మామూలు లాపరోస్కోపీలో తీస్తే పిత్తనాళం తెగే ప్రమాదం ఉందని, రోబో అయితే ఆ భయం ఉండదని ఆయన గట్టిగా నమ్ముతున్నారు. ఇంత దూరంలో ఉండి నేను తమ్ముడికి ఏ మాట చెప్పాలో తెలియడం లేదు. రెండున్నర రోజులు ఆగడం వల్ల నష్టముందా? అత్యవసర ఆపరేషన్లలో రోబో నిజంగానే ఎక్కువ భద్రమా?

జవాబు: ఒహాయోలో అత్యవసర శస్త్రచికిత్స విభాగంలో పనిచేసే సర్జన్

అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్నకు సమాధానం చెబుతాను. రోబో కోసమని ఆగవద్దు. వాపు మొదలైన తొలి రోజుల్లో కణజాలం నీరు పట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి పొరలు విడదీయడం కొంత సులభం, రోజులు గడిచేకొద్దీ అవి ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. జర్మనీ నుంచి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో 618 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి ఆసుపత్రిలో చేరిన 24 గంటల లోపు, రెండో వర్గానికి మందులతో వాపు తగ్గించి కొన్ని వారాల తరువాత ఆపరేషన్ చేశారు. ఇబ్బందులు ఎదురైనవారు మొదటి వర్గంలో 11.8 శాతం, రెండో వర్గంలో 34.4 శాతం. మీ విషయంలో తేడా వారాలది కాదు, రెండు రోజులదే. అయినా షుగరు ఉన్నవారిలో పిత్తాశయం గోడ కుళ్ళడం, చిల్లుపడడం బయటికి పెద్దగా లక్షణాలు కనిపించకుండానే జరగవచ్చు, పైగా జ్వరంతో ఉన్న మనిషిని 270 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయించాలి.

ఇక రోబో గురించి. నేను పనిచేసే చోట రాత్రి పూట కూడా రోబో వాడతాం, నాకు అది ఇష్టమైన పరికరం కూడా. అయితే రోబో అన్న మాట వినగానే యంత్రమే ఆపరేషన్ చేస్తుందనుకునేవారు చాలామంది ఉన్నారు. అది తనంతట తాను ఏ కోతా కోయదు. సర్జన్ కొద్ది అడుగుల దూరంలో కన్సోల్ అనే నియంత్రణ బల్ల ముందు కూర్చుని వేళ్ళు కదిపితే, రోగి పొట్టలోని సన్నని పనిముట్లు మణికట్టులా తిరుగుతాయి, లోపలి దృశ్యం లోతుతో సహా కనిపిస్తుంది, చేతి వణుకు పనిముట్టు దాకా చేరదు. ఇరుకు చోట్ల కుట్లు వేయాల్సి వచ్చినప్పుడు ఆ సౌకర్యం విలువ నాకు బాగా తెలుసు.

అమెరికాలో 2013 నుంచి 2021 వరకు జరిగిన 10 లక్షలకు పైగా అత్యవసర ఆపరేషన్లను పరిశీలించిన అధ్యయనం 2024లో వచ్చింది. మధ్యలో ఆపి పొట్ట తెరవాల్సి రావడం పిత్తాశయం విషయంలో లాపరోస్కోపీలో 3 శాతం, రోబోతో 1.7 శాతం. పెద్దపేగు ఆపరేషన్లలో ఆ తేడా ఇంకా పెద్దది: 25.5 శాతానికి 11.2 శాతం. అవి ఆశ కలిగించే అంకెలే. కానీ ఏ రోగికి రోబో వాడాలో అక్కడ నిర్ణయించింది సర్జన్లే కాబట్టి, కాస్త తేలిక కేసులే రోబో వైపు వెళ్ళి ఉండవచ్చునన్న అనుమానం ఎంత లెక్క సరిచేసినా పూర్తిగా పోదు.

మీ బాబాయి గారి మాటకు సూటిగా తగిలే అధ్యయనం మరొకటి ఉంది. అమెరికాలో ప్రధానంగా 65 ఏళ్ళు దాటినవారికి ఉండే మెడికేర్ అనే ప్రభుత్వ బీమా పథకం కింద 2010 నుంచి 2019 వరకు పిత్తాశయం తీయించుకున్న 10 లక్షలకు పైగా రోగుల వివరాలను పరిశీలించి 2023లో ప్రచురించారు. మళ్ళీ చికిత్స అవసరమయ్యేంతగా పిత్తనాళానికి గాయమైనవారు లాపరోస్కోపీలో 0.2 శాతం ఉంటే, రోబోతో 0.7 శాతం ఉన్నారు. రోబో కొత్తగా వ్యాపిస్తున్న కాలం అది, చేతులు ఇంకా అలవాటు పడుతున్నాయి అని వాదించవచ్చు, నేనూ కొంతవరకు అలాగే అనుకుంటాను. ఏమైనా, రోబో అయితే పిత్తనాళం భయమే లేదన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

జవాబు: హైదరాబాద్‌లో థియేటర్ నర్సు

డాక్టర్ గారు పరికరం గురించి చెప్పారు, నేను గది గురించి చెబుతాను. మా ఆసుపత్రిలో రోబో ఒక్కటే ఉంది, దాన్ని వారమంతా మూత్రపిండాల విభాగం, గర్భాశయ ఆపరేషన్లు, క్యాన్సర్ కేసులు ముందుగానే బుక్ చేసుకుంటాయి. అత్యవసర కేసు వచ్చే సమయానికి అది దొరకడం అదృష్టమే. దొరికినా రోబో చేతులకు స్టెరైల్ కవర్లు తొడగాలి, బల్ల పక్కకు తెచ్చి పొట్టలో అమర్చిన గొట్టాలకు ఒక్కొక్క చేతిని తగిలించాలి. దీన్నే డాకింగ్ అంటాం. అలవాటున్న జట్టు చకచకా చేసేస్తుంది. అర్ధరాత్రి డ్యూటీలో ఆ శిక్షణ ఉన్నవారు ఒక్కరే ఉంటే, మిగిలినవారికి చెబుతూ చేయించాల్సి వస్తుంది, అప్పుడు బల్ల మీద మత్తులో ఉన్న మనిషికి ప్రతి నిమిషం బరువే.

ఇంకొక్క సంగతి బయటివారికి తెలియదు. కన్సోల్ దగ్గర ఉన్న సర్జన్ గ్లౌజులు, గౌను వేసుకుని ఉండరు. ఉన్నట్టుండి రక్తనాళం తెగితే పక్కన ఉన్న సహాయకుడే ముందు అదిమి పట్టాలి, మేము రోబో చేతులను విడదీసి పక్కకు జరపాలి, సర్జన్ గారు గౌను వేసుకుని రావాలి. దాన్ని మేము ముందుగా సాధన చేస్తాం, సాధన చేసిన జట్టుకు అది కష్టం కాదు. కాబట్టి రోబో ఉందా అని అడిగేవారు, దానికి తగిన జట్టు ఆ పూట ఉందా అని కూడా అడగాలని నా మనవి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మీ మాటలు బాబాయి గారికి చదివి వినిపించాను. విజయవాడ సర్జన్ గారి చేయి మంచిదో కాదో మనకెలా తెలుస్తుంది, అందుకే యంత్రాన్ని నమ్ముకుందామంటున్నాను అన్నారు. ఆ భయం నాకూ ఉంది. ఆ సర్జన్ గారిని నొప్పించకుండా ఏం అడిగితే తెలుస్తుంది? బీమా సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు: ఆంధ్రాలో ప్రభుత్వ బోధనాసుపత్రి సర్జన్

నిస్సంకోచంగా అడగండి, నొచ్చుకోవలసిన ప్రశ్నలేమీ కావు. వాచిన పిత్తాశయాలకు ఈ ఆపరేషన్ ఎంత తరచుగా చేస్తారో అడగండి. దానికన్నా ముఖ్యంగా, లోపల పొరలు అతుక్కుపోయి నాళం ఏదో, ధమని ఏదో స్పష్టంగా తెలియకపోతే ఏం చేస్తారని అడగండి. పిత్తాశయానికి వెళ్ళేవి రెండే రెండు గొట్టాలని కళ్ళారా చూసిన తరువాతే క్లిప్పు వేయాలన్నది మేము విద్యార్థులకు మొదట నేర్పే నియమం. ఆ దృశ్యం దొరకనప్పుడు మొండిగా ముందుకు పోకుండా, పిత్తాశయాన్ని తెరిచి రాళ్ళు తీసేసి, మెడ దగ్గరి భాగాన్ని కొంత వదిలేయవచ్చు, లేదా పొట్ట తెరవవచ్చు. ఈ మాట ఆయన నోట వస్తే మీరు నిశ్చింతగా ఉండవచ్చు. పొట్ట తెరవడాన్ని రోగి బంధువులు ఓటమిగా చూస్తారు, నిజానికి ఎంతోమందిని కాపాడిన నిర్ణయం అది.

మా దగ్గర రోబో లేదు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌కు 2023లో వచ్చినప్పుడు సంతోషించాను, ఎందుకంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో పీజీలు దాని మీద నేర్చుకోకపోతే అది డబ్బున్నవారి పరికరంగానే మిగిలిపోతుంది. మన దేశంలో మొదటి లాపరోస్కోపీ పిత్తాశయ ఆపరేషన్‌ను 1990లో డాక్టర్ ఉద్వాడియా గారు చేసింది ముంబయిలోని ప్రభుత్వ జేజే ఆసుపత్రిలోనే. అత్యవసర వైద్యంలో రోబోకు చోటుందని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే ప్రపంచ అత్యవసర శస్త్రచికిత్స సంఘం 2022లో ప్రచురించిన పత్రం కూడా రక్తపోటు నిలకడగా ఉండి, శ్రద్ధగా ఎంపిక చేసిన రోగులకే, శిక్షణ పొందిన జట్టు ఉన్నచోటే అని గీత గీసింది. బీపీ పడిపోయి, పేగు చిల్లుపడి, పొట్టంతా చీముతో వచ్చే రోగులు మాకు వారానికి ఎంతమందో. వారికి కావలసింది తొందరగా తెరిచి, కడిగి, చిల్లు మూసే చేతులు.

మీ అమ్మగారికి రక్తం పలచబడే మాత్రలు ఉంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. బీమా విషయానికొస్తే, ఆరోగ్య బీమా పాలసీలు రోబో ఆపరేషన్‌ను పూర్తిగా తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే ఆదేశించింది, కానీ కంపెనీలు దానికి వేరే పరిమితి పెట్టుకోవచ్చు. ఆ పరిమితి దాటిన ఖర్చు మీదే అవుతుంది కాబట్టి పాలసీ కాగితంలో ఆ వరుస వెతికి చూడండి.

ప్రశ్న అడిగినవారు

శనివారం మధ్యాహ్నం ఆపరేషన్ విజయవాడలోనే అయింది. తమ్ముడు ముందు రోజు రాత్రే మీరు చెప్పిన ప్రశ్న అడిగితే, సర్జన్ గారు ఏమీ అనుకోకుండా కాగితం మీద బొమ్మ గీసి వివరించారట. లోపల మెడ దగ్గర బాగా అతుక్కుపోయి ఉండడంతో కొంత భాగాన్ని వదిలి, రాళ్ళన్నీ తీసి, లోపలి నుంచే కుట్టి, ద్రవం బయటికి రావడానికి డ్రెయిన్ గొట్టం పెట్టారు. పొట్ట తెరవలేదు. అమ్మ సాయంత్రం నాతో ఫోనులో మాట్లాడింది. బాబాయి గారు కూడా బస్సెక్కి వచ్చి ఆమె పక్కనే కూర్చున్నారు. వదిలేసిన భాగం వల్ల ఇక ముందు ఏమైనా చూసుకోవాలా?

జవాబు: ఒహాయో సర్జన్

చాలా సంతోషం. మీ సర్జన్ గారు చేసింది సరైన పని, నేను రోబో ముందు కూర్చున్నా ఆ చోట అదే చేసేవాణ్ణి. డ్రెయిన్‌లో పసుపుపచ్చని లేదా ఆకుపచ్చని ద్రవం వస్తే వెంటనే చెప్పమనండి. ఇలాంటి ఆపరేషన్ తరువాత కొంతమందిలో పిత్తం కారుతుంది, చాలావరకు దానంతటదే ఆగుతుంది, ఆగకపోతే ఎండోస్కోపీ ద్వారా నాళంలో స్టెంటు పెడతారు. మిగిలిన భాగంలో కొన్నేళ్ళకు మళ్ళీ రాళ్ళు ఏర్పడే అవకాశం కొద్దిగా ఉంటుంది కాబట్టి, ఆపరేషన్ నోట్స్ నకలు ఒకటి తీసుకుని అమ్మగారి ఫైల్లో భద్రపరచండి. బయాప్సీ రిపోర్టు వచ్చాక దాన్ని కూడా అందులోనే పెట్టండి.