నీడ చెట్లు కాఫీకి అందాల్సిన నీళ్లు తాగేస్తాయా? కొట్టేయమంటున్నారు

కొండవాలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం అండి. మాది నీడలో పెంచే అరబికా రకం కాఫీ తోట, కింది అంచున కొంచెం రోబస్టా రకం కూడా ఉంది. బోరు లేదు, వాన మీదే ఆధారం. ఈసారి ఎండలు మరీ ముదిరి పిందె బాగా రాలిపోయింది. తోట చూడ్డానికి వచ్చిన ఒకాయన "ఇన్ని చెట్లుంటే కాఫీకి తేమ ఎక్కడ మిగులుతుంది? సగం కొట్టేయండి" అన్నారు. ఇంట్లో కూడా ఇప్పుడు అదే మాట. కానీ ఎక్కడ చదివినా నీడ తోట నీటిని ఆదా చేస్తుందనే రాస్తున్నారు. చెట్టు కొట్టడం ఒక పూట పని, ఆ నీడ మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇంకో సందేహం, కప్పు కాఫీకి 140 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయంటారు, అది నిజమేనా?

పాతతోట:

కొట్టకండి. కనీసం వానలు పడేదాకా గొడ్డలి ముట్టుకోకండి.

ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కోస్టారికాలో నీడ చెట్ల కాండంలోనూ కాఫీ కాండంలోనూ నీరు ఎంత పైకి పోతోందో కొలిచారు. చెట్లూ కాఫీ కలిపి చూస్తే, నీడ లేని తోట కంటే నీడ తోటే మొత్తం మీద ఎక్కువ నీరు వాడింది. కానీ ఆకు లెక్కన చూస్తే నీడలో ఉన్న కాఫీ తక్కువ నీరు వదిలింది. మెక్సికోలో చియాపాస్ తోటల్లో కూడా నీడ ఉన్నచోట నేల నుంచి ఆవిరయ్యేదీ, కాఫీ ఆకు వదిలేదీ తగ్గాయని తేలింది. కోస్టారికాలో వానలకు కొదవ లేదు కాబట్టి చెట్లు అదనంగా తాగినా కాఫీకి లోటు రాలేదు. ఎండాకాలం పొడుగ్గా ఉండే తోటలో అది అంత ధీమాగా చెప్పలేం. అక్కడ ఏ చెట్టు, దాని వేరు ఎంత లోతు, ఏ కాలంలో ఎంత ఆకు మోస్తుంది అన్నవి చూడాలి.

కాఫీకి తిండి లాగే వేర్లు చాలావరకు నేల పైన ఒక అడుగు లోతులోనే ఉంటాయి. ఎండలు ముదిరాక మా తోటలో ఒకచోట గునపంతో తవ్వి చూస్తుంటాను. రాలిన ఆకు మందంగా పరుచుకున్న చోట పై ఆకు ఎండి గలగలమంటుంది, రెండో పొర తడిగా నల్లబడి ఉంటుంది, దాని కింద మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కడుతుంది. తెల్లటి సన్న వేర్లు ఆ కుళ్లిన ఆకులోకే ఎగబాకి ఉంటాయి. చెట్టు విరిగి ఆకాశం కనిపించే చోట అదే లోతులో మట్టి చేతివేళ్ల సందుల్లోంచి పొడిగా జారిపోతుంది. నేను నమ్మేది ఆ తేడానే. చెట్టు లోతు నుంచి తోడుకున్నా, పైన ఉన్న ఆ అడుగు మట్టిని కాపాడితే కాఫీ బతుకుతుంది.

ఇంకో సంగతి. గాలి ఎండిపోయినప్పుడు కాఫీ ఆకు తన రంధ్రాలు మూసేస్తుంది. నీరు దక్కుతుంది కానీ ఆకు తిండి చేసుకోవడం ఆగిపోతుంది. నీడ వల్ల వేడీ, గాలి విసురూ తగ్గితే ఆ రంధ్రాలు ఇంకాసేపు తెరిచి ఉంటాయి. అరబికా పుట్టిందే ఇథియోపియా కొండల్లో, పెద్ద చెట్ల కింద. అలాగని చీకటి చేయమనడం లేదు. నీడ మరీ చిక్కబడితే పూత తగ్గుతుంది. చిన్న జల్లు పడినా నేలకు దిగకుండా పైన ఆకుల మీదే ఆరిపోతుంది.

పల్పర్:

ఆ 140 లీటర్ల మాట గురించి చెబుతాను. అది నెదర్లాండ్స్‌లో పరిశోధన చేసిన చాపగైన్, హుక్‌స్ట్రా వేసిన లెక్క, 2003లో వచ్చింది. కప్పుకి 7 గ్రాముల వేయించిన కాఫీ అనుకుని, ఆ గింజ కోసం పొలంలో ఖర్చైన నీరంతా కలిపారు. అందులో దాదాపు అంతా వాన నీరే, నేలలో ఇంకి మొక్క ద్వారా మళ్లీ గాలిలోకి పోయేది. దాన్ని చూసి ఎవరూ గాబరా పడనక్కర్లేదు.

వాగులోంచి మనం తోడి, పాడు చేసి వదిలే నీళ్ల సంగతి వేరు. ఆ లెక్కలో దాని వాటా చిన్నదే, కానీ దెబ్బ మాత్రం కింద ఊళ్లకు తగులుతుంది. కొలంబియాలో పాత పద్ధతిలో పండు ఒలిచి, జిగురు పులియబెట్టి కడిగితే కిలో ఎండు పార్చ్‌మెంట్‌కు (పై పొట్టుతో ఉన్న గింజకు) 40 లీటర్ల దాకా పట్టేది. అక్కడి పరిశోధన సంస్థ సెనికాఫే జిగురును రాపిడితో తీసే బెకోల్‌సబ్ యంత్రం తెచ్చాక అది లీటరు లోపుకు దిగింది. కడిగిన నీళ్లలో చక్కెర ఉంటుంది, అది పులిసి వాగులో ప్రాణవాయువును లాగేస్తుంది, చేపలు చస్తాయి. యంత్రం కొనలేకపోతే కడుగు నీళ్లను వడకట్టి తొక్క తీసే పనికి మళ్లీ వాడండి, చివరికి మిగిలింది గుంటలోకి పంపండి. తడి తొక్కను నీళ్లతో తోయకుండా బుట్టల్లో మోస్తేనే సగం నీరు మిగులుతుందని నా నమ్మకం. పండుగానే ఎండబెట్టే పద్ధతిలో అయితే కడిగే పనే ఉండదు.

కొండవాలు:

చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. మావి ఎక్కువగా సిల్వర్ ఓక్, మధ్య మధ్య జువ్వి, పనస. ఓక్‌లు మాత్రం బాగా దగ్గర దగ్గరగా ఉన్నాయి. రోబస్టాకు పూత కోసం స్ప్రింక్లర్ పెట్టమంటున్నారు, పెట్టమంటారా?

పాతతోట:

ముందు నీళ్ల లెక్క చూసుకోండి. పూత విచ్చడానికి ఒక అంగుళం వాన కావాలనుకుందాం, అంటే 25 మిల్లీమీటర్లు. ఎకరానికి అది సుమారు లక్ష లీటర్లు. పూత వచ్చాక కొన్ని వారాల్లో ఇంకో తడి అందకపోతే పిందె నిలవదు, అంటే మళ్లీ అంత. అన్ని నీళ్లు పట్టే గుంట లేకుండా స్ప్రింక్లర్ కొంటే పూత తెప్పించి ఎండబెట్టినట్టవుతుంది. అరకొర జల్లు మరీ ప్రమాదం, మొగ్గ సగం కదిలి మాడిపోతుంది.

ఓక్‌ల విషయానికొస్తే, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న చోట బక్కగా ఉన్నవాటిని తీయండి, అదీ వానలు మొదలయ్యాకే. మిగిలినవాటికి కింది కొమ్మలు కొట్టి పైకి లేపండి. ఎండలు వచ్చేసరికి అవి మళ్లీ కమ్ముకోవాలి, అలా ముందే చూసుకోండి. జువ్వినీ పనసనూ ఉంచండి, అవి వేసే ఆకు మీకు కావాలి. ఎరిత్రినా లాంటి నీడ చెట్లు ఎండాకాలంలోనే ఆకు రాలుస్తాయి. అప్పుడు తాగడం తగ్గుతుంది, నీడా తగ్గుతుంది. అందుకని ఒకే రకం పెట్టుకోకండి. కొట్టిన కొమ్మలు మోసుకుపోవద్దు, చిన్న ముక్కలు చేసి వాలుకు అడ్డంగా వరసల మధ్య పరచండి. కాఫీ మొదలుకు మాత్రం ఆనించకండి. వరసల మధ్య వాలుకు అడ్డంగా చిన్న కందకాలు తీస్తే పెద్ద వాన కూడా తోట దాటకుండా ఇంకుతుంది.

ఇప్పుడే ఒక పని చేయండి. నీడ చిక్కగా ఉన్నచోట ఒకటి, పలచగా ఉన్నచోట ఒకటి అడుగు లోతు గుంట తవ్వి మట్టి పిడికిట్లో నొక్కి చూడండి. చిక్కటి నీడలో కూడా పొడిగా రాలితే ఇక్కడ రాయండి, అప్పుడు ఏ చెట్టు తీయాలో వరస వరసగా మాట్లాడుకుందాం.