మా ఊరి బడి గురించి అడిగే హక్కు ఎవరికి ఉంటుంది?

నమస్తే అండి. మాది కోనసీమలో కాలవ గట్టు పక్కనున్న చిన్న ఊరు. పిల్లలు తగ్గారని మా మండల పరిషత్ బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని పక్క ఊరి బడిలో కలిపేస్తారంటున్నారు. పొద్దున్నే కాన్వెంట్ బస్సు వచ్చి సగం మందిని ఎక్కించుకుపోతుంది. మిగిలేది కొబ్బరి దింపే వాళ్ళ పిల్లలు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళ పిల్లలు.

మొన్న పంచాయతీ దగ్గర ఒక పెద్దాయన, "పన్ను కట్టేది మేము, మా మనవలు అక్కడ చదవరు, ఇంకెందుకా ఖర్చు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చెరువు కాపలా అతను కొనే సబ్బు మీద జీఎస్టీ లేదా? అసలు ఆదాయపన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు పిల్లలు లేనివాళ్ళూ కడతారు కదా.

2010లో అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ దగ్గర్లోనే ఉచితంగా చదువు చెప్పాలంటోంది. ప్రాథమిక బడికి కిలోమీటరు దూరమే లెక్క. మాకు పక్క ఊరి బడి వంతెన దాటి రెండు కిలోమీటర్ల పైనే. వానాకాలం ఆ గట్టు మీద పెద్దవాళ్ళమే జారిపడతాం.

తల్లిదండ్రుల కమిటీ తీర్మానం మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఇస్తే సరిపోతుందా, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా పెట్టాలా? మా పాప ఇంకా అంగన్‌వాడీలోనే ఉంది, నేను కమిటీలో లేను. నా సంతకానికి విలువ ఉంటుందా? ఇలా తరగతులు పోకుండా ఆపుకున్న ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే, అర్జీలో ఏం రాశారో కాస్త చెప్పండి.