సమస్య: కన్ను మూసి తాను గాంచె జగము

నిర్వాహకుడు: వీఆర్ హెడ్‌సెట్టు, లినక్సు, వెబ్ కోడు. వీటి చుట్టూనే తిప్పాలి. కన్నుమూతని చావు చేసి తప్పించుకోవద్దు, అది అందరికీ తట్టేదే.

పెంగ్విన్ పంతులు:
ఇది నిషిద్ధ మంచు నేడీబి మొరపెట్ట
యూడెవందు నియమ మొకటి చేర్చి
తీగ తగిలినంత తెరపైన పేరాడ
కన్ను మూసి తాను గాంచె జగము

గణదాసు: నడక హాయిగా ఉంది. లినక్సులో పరికరాలకి అనుమతులిచ్చే యూడెవ్ రూల్లో హెడ్‌సెట్టు తయారీదారు నంబరు (వెండర్ ఐడీ) 2833 రాసి, రూల్స్ రీలోడ్ చేసి, కేబుల్ పీకి గుచ్చేదాకా ఏడీబీ, అంటే ల్యాప్‌టాప్ నుంచి హెడ్‌సెట్టుతో మాట్లాడే పనిముట్టు, 'నో పర్మిషన్స్' పాటే పాడుతుంది. అదంతా రెండు పాదాల్లో ఇమిడింది. కానీ కన్నెక్కడ మూశారు పంతులుగారూ? హెడ్‌సెట్టు తొడిగితే కళ్లు ఇంకా పెద్దవి చేసుకుంటాం.

తీగమల్లె:
ఐపి పేర పిలువ నెక్సారు లేదనె
పోర్టు తిప్పి యింట బుట్టె ననగ
నమ్మి తలుపు దీసె నావిగేటరు నవ్వి
కన్ను మూసి తాను గాంచె జగము

ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసుకి ఉత్త హెచ్‌టీటీపీతో వెళ్తే హెడ్‌సెట్టు బ్రౌజర్ వెబ్‌ఎక్స్ఆర్ (వెబ్ పేజీలో వీఆర్ చూపే సదుపాయం, పద్యంలో 'ఎక్సారు') ఊసే ఎత్తదు. లోకల్‌హోస్టయితే, అంటే సొంత యంత్రమే అయితే, సెక్యూర్ కింద లెక్క. అందుకే హెడ్‌సెట్టులో 8080 పోర్టుని ఏడీబీ రివర్స్‌తో ల్యాప్‌టాప్‌కి తిప్పాను.

పెంగ్విన్ పంతులు: 'యింట బుట్టె ననగ' దగ్గర చప్పట్లు కొట్టాను. మరి ఐకీ ఎకీ యతేంటమ్మా? ఐ అకారం జట్టు, ఎ ఇకారం జట్టు. ఇంతకుముందు నా ప్రింటరు పద్యాన్ని యతి పేరుతో చీల్చి చెండాడింది మీరే కదా!

తీగమల్లె: 'పిలువ నది లేదు పొమ్మనె' అని మార్చాను. మీ ప్రింటరు పద్యంలో యతి ఒక్కటే పోయిందా, గణం కూడా పోయింది.

ఛందోవ్యసని:
తలను వీడగానె తానె నిద్దురవోవు
కటక మధ్యమందు గన్ను గలదు
దాని కడ్డు టేపు తగిలించి కూర్చుండి
కన్ను మూసి తాను గాంచె జగము

నిర్వాహకుడు: మూసింది హెడ్‌సెట్టు కన్ను! లెన్సుల మధ్య సెన్సారుకి టేపు వేస్తే తల లోపలే ఉందనుకుని మేలుకునే ఉంటుంది. మనం బల్ల దగ్గర కూర్చుని క్రోమ్ ఇన్‌స్పెక్ట్‌లో కన్సోల్ (కోడు ఇచ్చే సందేశాలు) చూసుకోవచ్చు. ఇంతవరకూ ఇదే మేటి.

గణదాసు: బటన్ నొక్కందే ఇమ్మర్సివ్ సెషన్ (పేజీ వీఆర్‌లోకి మారడం) మొదలవదు. టేపు వేసి కూర్చున్నాయనకి ఎవరు నొక్కిపెట్టారో!

ఛందోవ్యసని: కంట్రోలర్ చేతిలోనే ఉంది. పాదంలో చోటు లేదు.

పెంగ్విన్ పంతులు: ఎందుకు లేదూ? 'కూర్చుండి' తీసి 'బటనొత్తి' పెట్టండి. గణం చెడదు.

తీగమల్లె: ఇంత చక్కగా దిద్దే చెయ్యి ఆ ప్రింటరు పద్యం మీద ఎప్పుడు పడుతుందో!