అప్‌డేట్: గంజాయి స్ట్రిప్‌లో మసక గీత వస్తే పాజిటివేనా?

అనంతపురంలో అనుమానంతో ఆపిన ఒక కుర్రాడి మూత్ర పరీక్షలో 'టి' (టెస్ట్) గీత మసకగా వచ్చింది, దాన్ని ఎలా చదవాలని అడిగాను. తేలిందేమంటే, అది నెగెటివే. ఈ స్ట్రిప్ ప్రెగ్నెన్సీ కిట్‌కు తలకిందులు: గంజాయి ఆనవాళ్లు కటాఫ్ (పాజిటివ్‌గా లెక్కించే హద్దు) దాటితేనే గీత మాయమవుతుంది. ఎంత పలచగా ఉన్నా గీత గీతే. కిట్ సరిగా పనిచేసిందని చూపే 'సి' (కంట్రోల్) గీత రాకపోతే మాత్రం ఆ కిట్ చెల్లదు. ఐదు నిమిషాలకు చదవాలి, పది దాటాక లెక్కలోకి రాదు.

కటాఫ్ సాధారణంగా మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు. రోజూ గంజాయి తాగేవాళ్లలో ఆనవాళ్లు నెల దాకా దొరకొచ్చు కాబట్టి, పాజిటివ్ అంటే ఆ పూట మత్తులో ఉన్నాడని కాదు.

అసలు చిక్కు మన ఎండలతో. కిట్లు 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి. మే నెలలో జీపు డ్యాష్‌బోర్డు మీద పడేసినవాటిని నమ్మలేం. నమూనా తాజాదేనా అని నాలుగు నిమిషాల్లోపు 32-38 డిగ్రీల వేడి చూస్తారు. బయటే 40 ఉంటే జేబులో దాచి తెచ్చిన వేరే మూత్రం సీసా కూడా ఆ వేడిలోనే ఉండొచ్చు మరి! అందుకే క్రియాటినిన్ (మూత్రంలో సహజంగా ఉండే వ్యర్థ పదార్థం) కూడా చూడాలి. డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములకు తగ్గితే నమూనా పలచబడినట్టే. పాజిటివ్ వస్తే, నమూనాలో సీలు వేసి ఉంచిన రెండో భాగాన్ని జీసీ-ఎంఎస్ అనే ల్యాబ్ నిర్ధారణ పరీక్షకు పంపాలి.